మావయ్యని ఫ్లెక్సు మీద నిలబెట్టిన పధ్నాలుగు సెకన్లు

మా చెల్లి ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సు డిజైన్ చేసింది నేనే. ఆ ఫ్లెక్సు మీద మా మేనమామ ఫొటో లేదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెడితే, తర్వాత మా ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మా వైపు వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆడపిల్లకి ఓణీ పెట్టేది మేనమామ. పురోహితుడు ఆలస్యంగా వచ్చినా, సాంబారులో ఉప్పు ఎక్కువైనా ఫంక్షన్ నెట్టుకురావచ్చు. మేనమామ లేకుండా మాత్రం కుదరదు. అంతటి మనిషి నందిగామ హైవే పక్కన ఫంక్షన్ హాలు గేటు ముందు బస్సు దిగాడు. అత్తయ్య చేతిలో బట్టల పళ్ళెం ఉంది. తలెత్తి చూస్తే పన్నెండడుగుల ఫ్లెక్సు మీద ముప్పై ఒక్క మంది నవ్వుతున్నారు. మా పెదనాన్న ఉన్నాడు. పెదనాన్న అల్లుడున్నాడు. ఆ అల్లుడి చంకలో ఆర్నెల్ల పిల్లాడున్నాడు. మావయ్య ఒక్కడే లేడు.

కావాలని చేసింది కాదు. నేను నందిగామలో ఒక వీడియో స్టూడియోలో పనిచేస్తాను. పెళ్ళి వీడియోల ఎడిటింగ్ అసలు పని, ఫ్లెక్సులు కొసరు. డిజైన్ చేసేటప్పుడు ఒక్కో ఫొటో ఒక్కో పొరలా ఉంటుంది, ప్రతి పొర పక్కనా చిన్న కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఫొటో మాయమవుతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది. మావయ్య ఫొటోని అందరికంటే శ్రద్ధగా కత్తిరించాను. అమ్మానాన్నల పక్కనే, వాళ్ళంత సైజులో పెట్టాను. వెనకాల తామరపూల రంగు ఎలా ఉందో చూద్దామని ఒక్క క్షణం ఆ కన్ను మూశాను. అప్పుడే టీ వచ్చింది. టీ తాగాను. ఫైలు కంచికచర్లకి ప్రింటింగుకి పంపాను. కన్ను మూసే ఉంది.

ప్రింటుకి ముందు బంధువులందరికీ ఫోన్లలో పంపించాను కూడా. ఫ్లెక్సు నమూనా చూపిస్తే ఎవరైనా తన మొహం వెతుక్కుంటారు, దొరగ్గానే బాగుంది అంటారు. మావయ్యకీ పంపాను. తెరవకుండానే దణ్ణం బొమ్మ పెట్టాడు. ఈ పాయింటు మీద నా తరపున గట్టి వాదన ఉందని అమ్మతో అన్నాను. ఆ మాట ఇంకోసారి ఎత్తితే అట్లకాడ తిరగేస్తానంది. కేసు అక్కడితో కొట్టేశారు.

మావయ్య గొడవ చెయ్యలేదు. ఆయన జగ్గయ్యపేటలో లెక్కల మాస్టారు, అరిచే కోటా బళ్ళోనే అయిపోతుంది. నిమిషం సేపు ఫ్లెక్సు కేసి చూశాడు, లోపలికి వెళ్ళాడు. ఓణీ పెట్టాడు, అక్షింతలు వేశాడు, ఫొటోకి నిలబడ్డాడు. అన్నం తినకుండా జగ్గయ్యపేట బస్సెక్కేశాడు. అరిచి వెళ్ళినవాడు తిరిగొస్తాడు. తినకుండా వెళ్ళినవాడిని తేవడానికి పెద్దమనుషులు కావాలి.

నెల తిరక్కుండానే మావయ్య కొత్తింటి గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నాడని తెలిసింది. మాకు చెప్పింది మావయ్య కాదు, మావయ్య ఇంటికి టైల్స్ వేసినాయన. గృహప్రవేశంలో పాలు పొంగించేది ఇంటి ఆడపడుచు. మావయ్యకి ఉన్నది ఒక్కతే అక్క, మా అమ్మ. తమ్ముడి ఇంట్లో పాలు పొంగించాలని ఆ ఇంటి పునాది తీసిన రోజు నుంచీ అనుకుంటోంది. వారం రోజులు ఫోన్ వస్తుందని చూసింది. రాలేదు. ఎనిమిదో రోజు తనే చేసింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం అమ్మకి అలవాటు లేదు, స్పీకరు పెట్టి పళ్ళెంలా పట్టుకుని మాట్లాడుతుంది. అందువల్ల ఇంట్లో అందరికీ వినపడింది.

"ఏరా, పాలు ఎవరు పొంగిస్తున్నార్రా మీ ఇంట్లో?"

"చూడాలక్కా. ఇంకా ఏమీ అనుకోలా."

"అనుకునేదేముందిరా అందులో!"

అవతల నుంచి సుద్దముక్క తీసుకుని బోర్డు ముందు నిలబడ్డ గొంతు వచ్చింది. "అక్కా, ఫంక్షన్ మూడు గంటలు. అది నేను మర్చిపోతా. వీడియో అట్లా కాదు. ఇరవయ్యేళ్ళ తర్వాత నీ మనవలు చూస్తారు. పిల్ల నడిచి వస్తుంటే వెనకాల అంత పెద్ద ఫ్లెక్సు. మీ బావగారి అల్లుడి చంకలో పిల్లాడు కూడా ఉన్నాడందులో. ఓణీ పెట్టినోడు లేడు. ఏం చెప్తావు వాళ్ళకి?"

"తప్పయిపోయిందిరా తమ్ముడూ."

"తప్పయితే దిద్దాలి. వీడియోలో ఆ ఫ్లెక్సు మీద నేను కనపడాలి. అతికించినట్టు కాదు, ముందునుంచీ ఉన్నట్టు. కనపడితే నువ్వే వచ్చి పాలు పొంగించు. లేదంటే మీ మరదలు వాళ్ళక్క ఉంది. ఆవిడ పొంగిస్తది."

వాళ్ళావిడ అక్క! తయారైన వీడియోలో ఫొటో పెట్టడం అయ్యే పని కాదని మావయ్య ధైర్యం. కాలిపోయిన బల్బు వెలగదని కూడా పందెం కాయని మనిషి, గెలుస్తానని తెలిస్తేనే లెక్క మొదలుపెడతాడు.

"మావాడు పెడతాడు," అంది అమ్మ, నా మొహం కూడా చూడకుండా.

ఆవిడ దృష్టిలో నేను కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి కంప్యూటర్ చెయ్యగలిగినవన్నీ నాకు వచ్చు. పదకొండు రోజుల టైముంది. నాకు అప్పటిదాకా వచ్చిన గొప్ప విద్య, పెళ్ళికొడుకు మొహం మీద మొటిమలు తీసెయ్యడం.

చెయ్యాల్సింది ఒక్క షాటు. చెల్లి గేటు దగ్గర్నుంచి నడుచుకుంటూ వస్తుంది, కెమెరా ఆమెతోపాటు వెనక్కి నడుస్తుంది, వెనకాల ఫ్లెక్సు దగ్గరవుతూ దూరమవుతూ ఉంటుంది. వీడియోలో అది పధ్నాలుగు సెకన్లు. ఫ్లెక్సు మీద అమ్మానాన్నల పక్కన మావయ్య ఉండాల్సిన చోట, తామరపూల మధ్య, ఒక ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఆయన ఫొటో పెట్టాలి. ఫ్లెక్సు ఎటు కదిలితే ఫొటో అటు కదలాలి. దీన్ని ట్రాకింగ్ అంటారు. ఫ్లెక్సు మీద ఒక గుర్తు చూపించి, దీన్నే పట్టుకో, వదలకు అని కంప్యూటర్‌కి చెబుతాం. సంతలో పిల్లాడితో, నాన్న ఎర్రచొక్కా వదలకురా అని చెప్పినట్టు. కంప్యూటర్ ఒక్కో ఫ్రేములో ఆ గుర్తుని వెతుక్కుంటూ పోతుంది. మనం అతికించిన ఫొటో దాని వెంట పోతుంది. సిద్ధాంతం ఇంతే.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా మా ఓనరు గారు భోజనానికీ కునుక్కీ ఇంటికి వెళతారు. స్టూడియోలో ఉన్న మంచి కంప్యూటర్ ఆ రెండున్నర గంటలు నాది. మొదటి రోజు ఫ్లెక్సు మూలని గుర్తుగా చూపించి బటను నొక్కాను. మావయ్య చక్కగా నిలబడ్డాడు. నేను గర్వపడటం మొదలుపెట్టే లోపల ఆకుపచ్చ పట్టుచీరలో ఒక పెద్దావిడ ఫ్లెక్సు ముందు నుంచి అడ్డంగా నడిచింది. కంప్యూటర్ ఫ్లెక్సు మూలని వదిలేసి ఆవిడ జడలో మల్లెపూలు పట్టుకుంది. సంతలో పిల్లాడు ఇంకొకరి ఎర్రచొక్కా పట్టుకున్నట్టే. మావయ్య తల ఫ్లెక్సు మీద నుంచి ఊడి, ఆవిడ వెనకాలే గాల్లో తేలుతూ, డైనింగ్ హాలు వైపు వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చెల్లికి చూపించాను. అది ఎనిమిదో తరగతి, దయాదాక్షిణ్యాలు ఇంకా సిలబస్‌లోకి రాలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది.

"అమ్మా! మావయ్య భోజనానికెళ్ళాడే! నువ్వు ఊరికే ఏడ్చావు!"

అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. నవ్వలేదు. "అట్లా తలొక్కటే పంపిస్తావేంట్రా, అపశకునం," అని వెళ్ళిపోయింది.

రెండోరోజు ఆవిడ రాక ముందే ట్రాకింగ్ ఆపి, ఆవిడ వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మావయ్య గాల్లోకి వెళ్ళలేదు. మెల్లగా, ఎంతో హుందాగా, నేల మీదకి జారాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ జారాడు. మూడోసారి కొంచెం గిరగిరా తిరుగుతూ జారాడు. బొమ్మ పెద్దది చేసి చూస్తే అప్పుడర్థమైంది. పూలరేకులు!

మా స్టూడియోలో ఒక ఆచారం ఉంది. ఆడపిల్ల నడిచి వచ్చే షాటు అంటే రెండు పనులు జరిగి తీరాలి. ఒకటి, నడకని సగానికి సగం నెమ్మది చెయ్యాలి. రెండు, పైనుంచి కంప్యూటర్ గులాబీ రేకులు రాల్చాలి. ఎవరింటి ఫంక్షనైనా అవే రేకులు, అదే గాలి. నేను ట్రాకింగ్ చేస్తున్నది ఆ తయారైపోయిన వీడియో మీద. ఫ్లెక్సు మీద గుర్తు చూపిస్తే, దాని ముందు నుంచి రాలే రేకుని పట్టుకుని కంప్యూటర్ కిందకి దిగిపోతోంది. పైగా ఏడు సెకన్ల నడకని పధ్నాలుగు చెయ్యడానికి, రెండు ఫ్రేముల మధ్య ఇంకో ఫ్రేము కల్పిస్తుంది సాఫ్ట్‌వేరు. అంటే నేను పరీక్షిస్తున్న ఫ్రేముల్లో సగం అసలు జరగనే లేదు. జరగని వాటిలో మావయ్యని నిలబెట్టాలని చూస్తున్నాను. అప్పుడైనా బుద్ధి రావాలి కదా, కడిగి ముగ్గేసిన వాకిట్లో అడుగుల జాడ వెతుకుతున్నానని.

కెమెరాలోంచి వచ్చిన అసలు ఫుటేజీ కావాలి. కార్డులు ప్రతి వారం చెరిపేసి పక్క పెళ్ళికి వాడతాం. కునుకు నుంచి వచ్చిన ఓనరు గారిని అడిగాను.

"డెలివరీ అయిపోయిన వీడియోకి ఒరిజినల్ ఎందుకు తమ్ముడూ?"

"పూలు లేనిది కావాలండి."

"పూలు లేకుండానా?" ఆయన మొహంలో నిజంగా బాధ కనపడింది. "పూలు లేకపోతే అది సీసీ కెమెరా ఫుటేజీ తమ్ముడూ!"

పాత హార్డ్ డిస్కులన్నీ ఒక ఫోటోఫ్రేముల పెట్టెలో ఉంటాయి. ఒక్కోటీ పెట్టి వెతికాను. ఫోల్డర్ల పేర్లు ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ కొత్తది రెండు, ఇదే ఫైనల్. మూడు రోజులు పోయాయి. అమ్మ రోజూ ఒకే ప్రశ్న అడిగేది, అన్నం వడ్డిస్తూ. "నిలబడ్డాడా?" లేదమ్మా అనేవాణ్ణి. ఒకరోజు అడగడం మానేసి, ఇత్తడి గిన్నె చింతపండుతో తోముతూ కూర్చుంది. పొంగించడానికి దాచిన గిన్నె. పిలుపు రాకుండానే తోముతోంది. నేను దాని మీద ఏదో జోకు వేద్దామని నోరు తెరిచి, వెయ్యకుండా మూసుకున్నాను. నా జీవితంలో అలాంటివి తక్కువ.

నాలుగోనాడు దొరికింది. ఏడు సెకన్లు, నూట డెబ్భై అయిదు ఫ్రేములు, పూలు లేవు, కల్పన లేదు. కన్నీళ్ళు పెట్టుకోలేదు గానీ కుర్చీలో ఒక చుట్టు తిరిగాను.

ఫ్లెక్సు చుట్టూ సీరియల్ బల్బులు కట్టి ఉన్నాయి. నల్లటి తీగ మీద పసుప్పచ్చగా మెరుస్తూ, ఏ కంప్యూటరైనా ఇష్టపడి పట్టుకునే గుర్తులు. మావయ్య పక్కనే ఉన్న బల్బుని చూపించి బటను నొక్కాను. మావయ్య ఎగరలేదు, జారలేదు. ఫ్లెక్సు చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు.

అర నిమిషం నాకేమీ అర్థం కాలేదు. ఎడమ అంచు వెంట పైకెక్కాడు, పైన మా తాతల ఫొటోల మీదుగా అడ్డంగా నడిచాడు, కుడివైపు దిగడం మొదలుపెట్టాడు. అవి పరిగెత్తే బల్బులు. ఒకటి ఆరి పక్కది వెలుగుతుంది, చూసేవాళ్ళకి వెలుగు నడుస్తున్నట్టుంటుంది. నేను చూపించిన బల్బు ఆరిపోగానే, వెలిగిన పక్క బల్బే అదనుకుని కంప్యూటర్ అక్కడికి గెంతింది. దాని తప్పు లేదు. అన్ని బల్బులూ ఒకేలా ఉంటాయి. మనుషులం మనమే మోసపోవాలని వాటిని కట్టాం.

అప్పుడు చెయ్యి మౌసు మీద నుంచి తీసేసి, ఊరికే ఆ ఫ్లెక్సు చూస్తూ కూర్చున్నాను. పట్టుకునే గుర్తు ఎలా ఉండాలి? నలుపూ తెలుపూ తేడా గట్టిగా ఉండాలి. ఇంకదేనితోనూ పోలిక ఉండకూడదు. వెలగకూడదు, ఆరకూడదు, ఫ్లెక్సుతో తప్ప తనంతట తాను కదలకూడదు. తామరపూలన్నీ ఒకేలా ఉన్నాయి. నాన్న కళ్ళజోడు మెరుపులో కలిసిపోయింది. వెతుక్కుంటూ వెతుక్కుంటూ నా చూపు మా పెదనాన్న మీసం దగ్గర ఆగింది.

ఆ మీసం గురించి చెప్పాలి. ఆదివారం ఆదివారం ఆయన స్వయంగా రంగు వేసుకుంటాడు. రెండు కొసలూ పైకి తిరిగి, తెల్లటి మొహం మీద నల్లగా, అంచులు కత్తిరించి అతికించినట్టుంటుంది. ముప్పై ఒక్క మందిలో అలాంటిది ఇంకొకటి లేదు. మావయ్యకీ పెదనాన్నకీ పడదని చెప్పలేను. ఒకరినొకరు గారు అనుకుంటారు. మా అమ్మ పెళ్ళిలో మగపెళ్ళివారికి కాఫీ ఆలస్యమైందని పెదనాన్న ఒక మాట అన్నాడట. ఆ కాఫీ ఇప్పటికీ చల్లారలేదు.

మీసం కొస మీద గుర్తు పెట్టాను. బటను నొక్కాను. కంప్యూటర్ నూట డెబ్భై అయిదు ఫ్రేములు మీసాన్ని పట్టుకుని నడిచింది. పెద్దావిడ అడ్డొచ్చిన చోట మాత్రం ఆపి, ఆ తర్వాత చివరి ఫ్రేము నుంచి వెనక్కి నడిపించి కలిపాను. మావయ్య కదల్లేదు! ఫ్లెక్సు కదిలితే కదిలాడు, ఆగితే ఆగాడు. స్టూడియోలో ఎవరూ లేరు కాబట్టి లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. పక్క జిరాక్సు షాపాయన తొంగి చూసి, పనేమీ లేదనుకుని వెళ్ళిపోయాడు.

సంతోషం మూడో సెకను దాకానే. అక్కడ హైవే మీద ఒక లారీ వెళ్ళింది. లారీ వెళ్ళినప్పుడల్లా ఆ ఫ్లెక్సు భోజనమయ్యాక మనిషి పొట్టలా ఉబ్బుతుంది. అందరూ ఉబ్బారు. మావయ్య మాత్రం అట్టముక్కలా నిటారుగా నిలబడ్డాడు. ఒక్క గుర్తుతో పని జరగదు, ఫొటో నాలుగు మూలలనీ నాలుగు చోట్ల కట్టాలి. పెదనాన్న మీసం ఉండనే ఉంది. అమ్మ బొట్టు, అల్లుడి చంకలో పిల్లాడి నల్లటి దిష్టిచుక్క, కింద రాసిన అక్షరాల్లో ఒక కొస. నాలుగూ పట్టుకున్నాయి. అప్పుడొక సందేహం వచ్చింది. నలుగురు మోస్తున్నారనే మాట మా వాళ్ళ చెవిన పడితే పాల సంగతి అటుంచి, ఇంట్లోకే రానివ్వరు. ఛాతీ మధ్యలో అయిదోది కూడా పెట్టాను. శాస్త్రం కోసం పెట్టిన ఆ అయిదో గుర్తుతోనే ఫొటో మధ్యలో కూడా సరిగ్గా ఉబ్బింది. సాంకేతికంగా మొదటే పెట్టాల్సింది.

ఆకుపచ్చ చీర పెద్దావిడ మావయ్య ముందు నుంచి నడవాలి కదా, ఆయన వెనక నుంచి కాదు. దానికి దగ్గరదారి లేదు. ముప్పై రెండు ఫ్రేముల్లో ఆవిడ చుట్టూ చేత్తో గీత గీశాను, మల్లెపూలతో సహా. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆవిడెవరో ఇప్పటికీ తెలియదు. ఎక్కడ కనపడినా గుర్తుపడతాను, కుడిచెయ్యి ఎంత దూరం ఊపుతుందో కూడా చెప్పగలను.

చివర్లో చూస్తే మావయ్య అందరికంటే కొత్తగా ఉన్నాడు. మిగతావాళ్ళు రెండు రోజులు దుమ్ములో వేలాడిన ఫ్లెక్సు మీద వాళ్ళు, ఈయన ఇప్పుడే తలంటుకుని వచ్చినవాడు. నలుపు తగ్గించాను, కొంచెం మసక చేశాను, బల్బుల పసుపు వెలుగు ఒక పక్క చెంప మీద వెలిగి ఆరేట్టు చేశాను. ఆ తర్వాత నడకని నెమ్మది చేసి, పూలు మళ్ళీ రాల్చాను. రెండు రేకులు మావయ్య మొహం మీదుగా రాలాయి. అప్పుడు, ఒట్టేసి చెబుతున్నాను, నాకే అనుమానం వచ్చింది, ఈయన మొదటినుంచీ ఇక్కడే ఉన్నాడేమోనని. ఓనరు గారు వెనకాల నిలబడి చూసి, "చూసావా తమ్ముడూ, పూలు పడ్డాకే ప్రాణమొచ్చింది," అన్నారు. కాదనలేదు.

గృహప్రవేశానికి రెండు రోజులుంది. పొద్దున్నే పెన్‌డ్రైవు జేబులో వేసుకుని బస్సెక్కాను. జేబు మీద చెయ్యి వేసుకునే జగ్గయ్యపేటలో దిగాను. మావయ్య అద్దె ఇంట్లో సామాన్లు సగం మూటలు కట్టి ఉన్నాయి. టీవీ ఇంకా గోడకే ఉంది. అత్తయ్య మంచినీళ్ళిచ్చి, లోపలికి చూస్తూ గొంతు తగ్గించింది. "బాగా వచ్చిందా?"

"చూడాలత్తయ్యా."

మావయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రా అనలేదు, పో అనలేదు. చెయ్యి చాచాడు, రిమోటు కోసం. పెన్‌డ్రైవు పెట్టే ముందు నేనన్నాను.

"మావయ్యా, తప్పు నాది. నీ ఫొటో కన్ను మూసి, తెరవడం మర్చిపోయా. అమ్మకేం తెలీదు."

ఆయన నా వైపు చూసి, టీవీ వైపు తిరిగాడు. "పెట్టు."

మొదటిసారి పూర్తిగా చూశాడు. రెండోసారి మధ్యలో ఆపుతూ, ముందుకీ వెనక్కీ జరుపుతూ చూశాడు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి టీవీ దగ్గరకెళ్ళి, ఫొటో అంచు వెంట వేలు పెట్టి నడిపించాడు. కాపీ కొట్టిన పేపరు పట్టుకునేది ఇలాగే అనుకుంటాను. లారీ దగ్గర ఆపాడు. ఉబ్బాడు. బల్బుల దగ్గర ఆపాడు. వెలిగాడు. అత్తయ్య గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. మూడోసారి నడుస్తుండగా మావయ్య రిమోటు ఎత్తి కసిరాడు.

"ఎవరే ఈవిడ? సరిగ్గా నా మొహం కనపడే టైముకి ఇట్లా అడ్డమొచ్చింది! చూసుకుని నడవక్కర్లా?"

అత్తయ్య నోటి మీద కొంగు తీసింది.

"ఏవండీ. లేని ఫొటోకి అడ్డొచ్చిందని ఆవిడ్ని తిడతారేంటండీ!"

మావయ్య రిమోటు చేతిలో అలాగే ఉంది. ఆయనకి అర్థం కావడానికి రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లకి నేను తొమ్మిది రోజులు కష్టపడ్డాను. నాకు బిరుదులు, శాలువాలు అక్కర్లేదు. ముప్పై రెండు ఫ్రేములు చేత్తో గీసినవాడికి, మావయ్య ఆవిడ మీద కోప్పడటం కంటే సన్మానం ఏముంటుంది!

ఆయన మొహం కొంచెం కొంచెంగా సడలింది. "ఎట్లా నిలబెట్టావురా?"

"ఏదో చేసాలే మావయ్యా."

"ఆన్సరొక్కటే రాస్తే సున్నా. స్టెప్పులు చెప్పు."

దాచి ఉండొచ్చు. గెలిచిన మనిషికి నోరు ఆగదు. తల డైనింగ్ హాలుకి వెళ్ళింది చెప్పాను, పువ్వులా జారింది చెప్పాను, ప్రదక్షిణం చేసింది చెప్పాను. మీసం దగ్గరికొచ్చేసరికి కొంచెం తడబడ్డాను.

"చివరికి పెదనాన్న మీసానికి కట్టా మావయ్యా. అది గట్టిగా పట్టుకుంది."

అత్తయ్య గోడ పట్టుకుంది. నేను చెప్పుల కోసం చూశాను. మావయ్య టీవీ వైపు తిరిగి, ఆగి ఉన్న బొమ్మలో పెదనాన్న మీసాన్నీ తన ఫొటోనీ మార్చి మార్చి చూశాడు. మొదట భుజాలు కదిలాయి. తర్వాత కుర్చీ కదిలింది. మా మావయ్య అంత పెద్దగా నవ్వుతాడని నాకు ఇరవై నాలుగేళ్ళుగా తెలియదు.

"మీ పెదనాన్న మీసం... నన్ను మోసిందంట్రా! పోనీలే, ఒక పనికొచ్చింది!" కళ్ళు తుడుచుకుని, నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "పేపర్లు దిద్దేటప్పుడు నేనూ ఒక్కోసారి పేజీ తిప్పడం మర్చిపోతారా. నువ్వు మళ్ళా తిప్పి చూసావు. అది చాలు."

ఫోన్ తీసి అక్కడే అమ్మకి చేశాడు. అవతల స్పీకరు పెట్టుకుని, పళ్ళెంలా పట్టుకుని ఉంటుందని తెలుసు కాబట్టి గట్టిగా మాట్లాడాడు.

"అక్కా! ఎల్లుండి ఎనిమిదింటికి. నువ్వు రేపే వచ్చెయ్."

"రేపా?" అమ్మ గొంతు. "నాకు వీలవుద్దో లేదో చూడాలిరా."

నేను నుదురు కొట్టుకున్నాను. చింతపండు పెట్టి గిన్నె మూడుసార్లు తోమిన మనిషి!

"వీలు చేసుకో," అన్నాడు మావయ్య. "ఇక్కడ ఇంకెవరున్నారే పొంగించడానికి?"

ఈసారి జవాబు చెల్లి గొంతులో వచ్చింది. "మావయ్యా, అమ్మ సంచి సర్దుతోంది."

గృహప్రవేశం రోజు పొద్దున కొత్తింట్లో రంగు వాసన ఇంకా పోలేదు. వంటింటి నిండా జనం. తూర్పు వైపు మొహం పెట్టి అమ్మ పొయ్యి ముందు కూర్చుంది. మంట హెచ్చించమని ఒకరు, తగ్గించమని ఒకరు చెబుతున్నారు. ఆవిడ ఎవరి మాటా వినలేదు. పాలు మెల్లగా పైకి లేచి, గిన్నె అంచు దాటి, తెల్లగా నాలుగు వైపులా పారాయి. పొంగాయి, పొంగాయి అని అందరూ ఒకేసారి అరిచారు. అత్తయ్య వాళ్ళక్క అందరికంటే గట్టిగా అరిచింది. అమ్మ లేవకుండా అలాగే కూర్చుని కొంగుతో చెమట తుడుచుకుంది. తర్వాత ఆ ఇల్లు తనే కట్టించినట్టు తల తిప్పి చూసి, పరమాన్నంలోకి కడిగిన బియ్యం ఏవిరా అని తమ్ముణ్ణి కేకేసింది. ఊరికంతటికీ లెక్కలు చెప్పే మనిషి, బియ్యం గిన్నె రెండు చేతులా పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు.